యోనా పందిరి కింద కూర్చుని రాకడ కోసం చూస్తున్నామా?

2025 సెప్టెంబర్ 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడుతుందంటూ, అంటే యేసు ప్రభువు తన విశ్వాసుల్ని ఆకాశంలోకి తీసుకుపోతాడంటూ, వీడియోలు ఫోన్లలో తెగ తిరిగాయి. ఆ రెండు రోజులూ గడిచిపోయాయి. తర్వాతి ఆదివారం ఆరాధన ముగిశాక, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నన్ను పక్కకు పిలిచి అడిగింది: "ఆంటీ, ఈ తేదీ అబద్ధమని తేలిపోయింది కదా. మరి మిగతావన్నీ? గోగు మాగోగు, ఏడేళ్ల శ్రమలు, 666... అవి కూడా ఇలాంటివాళ్లే కదా మనకు చెప్పింది?"

ఆ మాటలో వెటకారం లేదు. ఇన్నాళ్లూ నమ్ముకున్నది చేజారిపోతుందేమోనన్న భయం ఉంది.

"మన పాస్టర్ గారు ఎప్పుడూ తేదీలు చెప్పలేదమ్మా" అని సర్దిచెప్పి పంపెయ్యొచ్చు. అది నిజమే కూడా. కానీ తేదీలు చెప్పనిచోట కూడా రాకడ, అంటే ప్రభువు తిరిగి రావడం, విషయంలో ఒక అలవాటు పాతుకుపోయింది. రెండు దేశాలు సంధి చేసుకుంటే, నిబంధన మాట ఉన్న దానియేలు 9వ అధ్యాయం తెరుస్తాం. డబ్బు కట్టే కొత్త పద్ధతేదైనా వస్తే, 666 ముద్ర లేనిదే కొనడం అమ్మడం కుదరదనే ప్రకటన 13 తెరుస్తాం. భూకంపమైతే మత్తయి 24. వార్తకు వచనం అతికించుకుంటాం, ఒళ్లు గగుర్పొడుస్తుంది, మర్నాటికి అంతా మామూలే. నా పేచీ ఈ అలవాటుతో. తేదీ చెప్పినవాళ్లు ఇదే దారిలో మనకన్నా నాలుగడుగులు ముందుకు వెళ్లారు, అంతే తేడా.

నేనేం నమ్ముతానో ముందే చెప్పేస్తాను. యేసు ప్రభువు మళ్లీ వస్తాడు, అందరూ చూసేలా వస్తాడు. చనిపోయినవాళ్లు లేస్తారు. తీర్పు ఉంది. కొత్త ఆకాశం, కొత్త భూమి ఉన్నాయి. వీటన్నిటినీ కేవలం లోపలి అనుభవాలుగా కరిగించేసే వ్యాఖ్యానాలతో నాకు పొసగదు. ఇంకా నెరవేరాల్సినవి ఉన్నాయనే నా నమ్మకం. ఆ నెరవేరాల్సిన మాటల్ని చేతిలో పట్టుకుని మనం ఏం చేస్తున్నామన్నదే నా ప్రశ్న.

ఏది గట్టి నేల, ఏది కాదు

381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలం నుంచి సంఘాలు చెప్పుకుంటూ వస్తున్న విశ్వాస ప్రమాణంలో ఈ విషయం మీద ఉన్నది కొద్ది మాటలే: ఆయన మహిమతో మళ్లీ వస్తాడు, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడు, ఆయన రాజ్యానికి అంతం లేదు, మృతుల పునరుత్థానం కోసం, రాబోయే యుగపు జీవం కోసం ఎదురుచూస్తున్నాం. ఎత్తబడటం శ్రమలకు ముందా, మధ్యా, తర్వాతా అన్నది అందులో లేదు. ప్రకటన 20లో ఉన్న క్రీస్తు వెయ్యేండ్ల పరిపాలన గురించీ లేదు.

ఆ కాలపువాళ్లకు ఈ విషయాల మీద ఆసక్తి లేదనుకోకండి. రెండో శతాబ్దంలో జస్టిన్, ఐరేనియస్ అనే సంఘ బోధకులు వెయ్యేండ్ల పాలన అక్షరాలా భూమి మీదే జరుగుతుందని నమ్మారు. ఐదో శతాబ్దంలో అగస్టీన్ ఆ వెయ్యేళ్లంటే ఇప్పుడు నడుస్తున్న సంఘ కాలమేనన్నాడు. అప్పట్నుంచీ ఈ చర్చ ఆగలేదు. మనలో చాలామంది "బైబిలు చెప్పిందే" అనుకునే వరస ఒకటుంది కదా, రహస్యంగా ఎత్తబడటం, ఆ తర్వాత ఏడేళ్ల శ్రమలు, ఆ తర్వాత బహిరంగ రాకడ అని; ఆ వరసకు ఈ రూపం ఇచ్చి వ్యాప్తి చేసినవాళ్లలో ముఖ్యుడు జాన్ నెల్సన్ డార్బీ అనే బ్రదరెన్ బోధకుడు. అది 1830ల నాటి మాట. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు పేజీల అడుగున వేసిన వివరణల వల్ల అది ఇంటింటికీ చేరింది. ఆలస్యంగా వచ్చింది కాబట్టి తప్పని నేననను. కానీ పేజీ పైన ఉన్నది లేఖనం, అడుగున ఉన్నది ఒక మనిషి వివరణ. ఆ గీత చెరిగిపోతే, వివరణ కూలిన రోజున లేఖనం కూలినట్టే అనిపిస్తుంది. ఆ అమ్మాయికి జరిగింది ఇదే.

అడుగున రాసుకున్న వివరణలు ఎన్నిసార్లు మారాయో చరిత్రలో చూడొచ్చు. నాలుగో శతాబ్దంలో రోమా సామ్రాజ్యం మీద గోత్ అనే తెగలవాళ్లు విరుచుకుపడినప్పుడు, యెహెజ్కేలు చెప్పిన శత్రువు గోగు అంటే వాళ్లేనని మిలాన్ బిషప్ ఆంబ్రోస్ రాశాడు. పదహారో శతాబ్దంలో ఆ స్థానం తురుష్కులకు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో సోవియట్ రష్యాకు వచ్చింది. వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కాదు. ఆంబ్రోస్ సామాన్యుడా? తమ కాలంలో తమను భయపెట్టినవాడినే యెహెజ్కేలు 38లో చూశారు. భయపడేవాళ్ల కళ్లకు అది సహజం. మన కళ్లు మాత్రం వేరేగా ఉన్నాయని ఎలా అనుకోగలం?

బైబిల్లో తేదీ పెట్టి చెప్పిన ప్రవచనం

ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది. గడువు పెట్టి మరీ చెప్పిన ప్రవచనం బైబిల్లో ఉంది. యోనా 3:4. నలభై రోజుల్లో నీనెవె నాశనమవుతుంది. షరతు చెప్పలేదు, "ఒకవేళ" అన్న మాట లేదు, గుర్తులు విప్పి చదువుకోవలసిన పని అంతకన్నా లేదు. అంత స్పష్టమైన గడువు ఉన్న ఆ నాశనం ఆ నలభై రోజుల్లో జరగలేదు.

రాజు గోనెపట్ట కట్టుకున్నాడు, ఊరంతా ఉపవాసముంది, దేవుడు చేస్తానన్న కీడు చేయలేదు. ప్రవచనం విఫలమైందా? కాలేదు. అది ఏ పని మీద వచ్చిందో ఆ పని చేసి వెళ్లింది. ఒక జనం గురించి నాశనం చెప్పాక ఆ జనం తిరిగితే తాను కూడా ఆ కీడు నుంచి తిరుగుతానని యిర్మీయా 18లో దేవుడే సూత్రంగా చెప్పాడు. రాకడ నీనెవె నాశనంలా రద్దయ్యేది కాదు, అది నాకు తెలుసు. రాకడ వాగ్దానం. కానీ వాగ్దానమైనా హెచ్చరికైనా వినేవాళ్లలో ఏదో కదిలించడానికే చెప్పబడిందన్నది రెండింటికీ వర్తిస్తుంది. రెండో పేతురు 3వ అధ్యాయం ఈ మాటే అంటుంది: ఆయన ఆలస్యం చేయడం లేదు, ఎవరూ నశించకూడదని ఓర్చుకుంటున్నాడు. కాబట్టి మీరెలాంటివారై ఉండాలి?

ఇక యోనా. నాలుగో అధ్యాయంలో ఆయన ఊరి బయటకు వెళ్లి, తూర్పు వైపున పందిరి వేసుకుని, పట్టణానికి ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. సందేశం సరిగ్గానే చెప్పాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ చెప్పిన తర్వాత ప్రేక్షకుడైపోయాడు. తలమీద నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చచ్చిపోవాలన్నంత బాధపడ్డాడు. కుడిఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమంది పైచిలుకు జనం బతికి బయటపడితే మాత్రం కోపం తెచ్చుకున్నాడు.

2023 అక్టోబర్‌లో ఇశ్రాయేలు, గాజా యుద్ధం మొదలైన వారం నేనొక ప్రార్థన కూటంలో ఉన్నాను. ఒక సహోదరుడు ఫోన్ చూస్తూ, ముఖం వెలిగిపోతుండగా, "స్తోత్రం! ప్రవచనం నెరవేరుతోంది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు "ఆమేన్" అన్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను కాబట్టి తెర కనిపించింది. దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో ఒకతను దుప్పటిలో చుట్టిన ఎవరినో రెండు చేతుల మీద మోసుకుని పరిగెడుతున్నాడు. అది సరిహద్దుకు ఏ వైపు తీసిందో నాకు తెలియలేదు. ఆ సహోదరుడు మంచి మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా ముందుగా వెళ్లేది ఆయనే. అలాంటి మనిషి చేత కూడా ఆ దృశ్యానికి స్తోత్రం చెప్పించిందంటే, మనం ప్రవచనాన్ని పట్టుకున్న తీరులోనే ఏదో పెద్ద లోపముంది. యెరూషలేము నాశనాన్ని ప్రవచించిన యేసు ప్రభువు, లూకా 19 ప్రకారం, ఆ పట్టణాన్ని చూసి ఏడ్చి మరీ ఆ మాట చెప్పాడు. నలభై ఏళ్లలోపే, క్రీ.శ. 70లో, రోమా సేనాని తీతు సైన్యం దాన్ని అక్షరాలా నెరవేర్చింది. ఆ ప్రవచనం ఎంత కచ్చితమో చెప్పేటప్పుడు ఆయన కన్నీళ్ల సంగతి మనం వదిలేస్తాం.

మరి దానియేలు లెక్క కట్టలేదా?

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఇదే, దీన్ని దాటవేయలేను. దానియేలు 9:2లో ఆయన యిర్మీయా గ్రంథం చదివి, యెరూషలేము పాడుగా ఉండాల్సిన డెబ్బై ఏళ్ల లెక్క గ్రహించానంటాడు. అంటే ప్రవచనాన్ని చదివి, కాలాన్ని లెక్కపెట్టినవాడు ఉన్నాడు. పైగా ఆకాశం చూసి వాతావరణం చెప్పగలరు గాని కాలాల సూచనలు వివేచించలేరా అని మత్తయి 16లో ప్రభువే నిలదీశాడు. అంజూరపు చెట్టు చిగురించడం చూసి నేర్చుకోమన్నాడు. ఆ దినం దొంగలా మీ మీదికి రావడానికి మీరు చీకటిలో లేరని పౌలు రాశాడు. "తండ్రి తప్ప ఎవరూ ఎరుగరు" అన్న ఒక్క వచనం పట్టుకుని వీటన్నిటినీ పక్కన పెట్టడం నిజాయితీ కాదు.

సూచనలు ఇచ్చాడు. ఎందుకిచ్చాడన్నది చూడాలి. లూకా 21లో, యెరూషలేమును సైన్యాలు చుట్టుముట్టడం చూసినప్పుడు కొండలకు పారిపోండి అన్నాడు. యుద్ధం ముదరకముందే యెరూషలేములోని విశ్వాసులు యొర్దాను అవతల ఉన్న పెల్లా పట్టణానికి వెళ్లిపోయారని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ తన సంఘ చరిత్రలో రాశాడు. ఆ సూచన వాళ్ల కాళ్లకు పని చెప్పింది. దానియేలు సంగతీ అంతే. డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయని తెలిశాక ఆయనేం చేశాడు? గోనెపట్ట కట్టుకుని, బూడిద చల్లుకుని, "మేము పాపం చేశాం" అని మోకరించాడు. 9వ అధ్యాయంలో లెక్కకు ఒక్క వచనం, ఒప్పుకోలు ప్రార్థనకు పదహారు వచనాల పైనే. మనం ఆ ప్రార్థనను గబగబా దాటేసి చివర ఉన్న డెబ్బై వారాల దగ్గర ఆగుతాం, అక్కడ గీతలు గీస్తాం.

దీనికి తిరగేసిన ఉదాహరణ మత్తయి 2లో ఉంది. క్రీస్తు ఎక్కడ పుడతాడని హేరోదు అడిగితే ప్రధాన యాజకులూ శాస్త్రులూ తడుముకోకుండా మీకా ప్రవచనం చెప్పారు: బేత్లెహేము. నూటికి నూరుపాళ్లు సరైన జవాబు. వాళ్లున్న యెరూషలేము నుంచి బేత్లెహేము రెండు మూడు గంటల నడక. వాళ్లలో ఒక్కరు వెళ్లినట్టు కూడా మత్తయి రాయలేదు. ప్రవచనాన్ని సరిగ్గా అర్థం చేసుకుని కూడా పోగొట్టుకోవచ్చని ఆ వచనాలు చదివినప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది.

ఇంకొకటి. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా 61 చదువుతూ "ప్రభువు హితవత్సరం", అంటే ఆయన దయ చూపే కాలం, దగ్గర ఆపి గ్రంథం చుట్టేశాడు. ఆ వాక్యం అక్కడితో అయిపోలేదు. వెంటనే "ప్రతిదండన దినం" ఉంది. అది ఆయన చదవలేదు. యెషయాలో పక్కపక్కనే ఉన్న ఆ రెండు మాటల మధ్య ఇప్పటికే దాదాపు రెండు వేల ఏళ్లు గడిచాయి. క్రీస్తుకు ముందు యెషయాను ఎంత భక్తిగా చదివినా అక్కడ అంత దూరం ఉందని ఎవరికి తోస్తుంది? మొదటి రాకడ ప్రవచనాలు నిజంగానే నెరవేరాయి, కానీ నెరవేరిన తర్వాతే వాటి ఆకారం కనబడింది. రెండో రాకడ విషయంలో మనం ముందే పటం గీసేయగలమన్న ధీమా ఎక్కడిది?

1948

ఈ మాట రాకుండా ఈ చర్చ ముగియదు. 1948 మే 14న ఇశ్రాయేలు మళ్లీ ఒక దేశంగా ప్రకటించుకుంది. 1967 జూన్‌లో పాత యెరూషలేము వాళ్ల చేతికి వచ్చింది. పందొమ్మిది వందల ఏళ్లు చెల్లాచెదురైన జనం తమ భాషతో సహా తిరిగి వచ్చి నిలబడటం మామూలు విషయం కాదు. రోమా 11 చదివేటప్పుడు నేను దాన్ని పక్కన పెట్టలేను. ఆ జనం విషయంలో దేవుని పని అయిపోలేదనే నమ్ముతాను.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. అంజూరపు చెట్టంటే ఇశ్రాయేలు అన్నారు. ఇవన్నీ జరిగేదాకా ఈ తరం గతించదని మత్తయి 24లో ఉంది కదా, ఆ తరమంటే 40 ఏళ్లన్నారు. 1948కి 40 కలిపితే 1988. ఆ ఏడాది సెప్టెంబర్లో సంఘం ఎత్తబడుతుందని అమెరికాలో పుస్తకాలు లక్షల కొద్దీ పంచారు. ఏమీ జరగకపోతే లెక్క 1967 నుంచి మొదలుపెట్టారు. తర్వాత తరమంటే 70 అన్నారు, 80 అన్నారు. ఒక్కొక్క మెట్టూ చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ ఆ మెట్లలో ఒక్కటి కూడా లేఖనం కట్టింది కాదు. 2022 సెప్టెంబర్లో టెక్సాస్ నుంచి ఐదు ఎర్రని పెయ్యలను ఇశ్రాయేలుకు తెచ్చినప్పుడు కూడా శుద్ధి చేయడానికి ఎర్రని పెయ్య కావాలనే సంఖ్యాకాండం 19 చేతపట్టుకుని మళ్లీ అదే ఊపు.

దీనికి మూల్యం చెల్లించేది లెక్క కట్టినవాళ్లు కాదు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ దానియేలు 8:14లోని 2,300 దినాలను ఏళ్లుగా లెక్కించి 1843 దరిదాపుల్లో రాకడ అన్నాడు. ఆ ఉద్యమం చివరికి 1844 అక్టోబర్ 22 దగ్గర ఆగింది. కొందరు రైతులు పంట పొలంలోనే వదిలేశారు. ఆ రాత్రి తెల్లారేదాకా ఏడ్చామని వాళ్లలో ఒకరు రాసుకున్నారు. 2011 మే 21 అని రేడియోలో ప్రకటించిన హెరాల్డ్ క్యాంపింగ్ మాట నమ్మి కొందరు దాచుకున్న డబ్బంతా ప్రకటన బోర్డులకు ఖర్చుపెట్టారు. మరుసటి ఏడాది ఆయన తాను చేసింది పాపమని ఒప్పుకున్నాడు. మంచిదే. కానీ ఆ ఖాళీ అయిన ఇళ్లకు ఆ ఒప్పుకోలు వల్ల ఒరిగిందేమిటి?

పిల్లల భయం, పెద్దల ఓదార్పు

నాకు తెలిసిన ఒకామె చిన్నప్పటి సంగతి చెప్పింది. స్కూల్ నుంచి ఇంటికొస్తే తలుపు తీసే ఉంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. అమ్మ లేదు. పిలిస్తే పలకలేదు. ముందు రాత్రే కూటంలో ఇద్దరు తిరగలి విసురుతుంటే ఒకరు తీసుకోబడతారు, ఒకరు విడవబడతారు అని విన్నది. అమ్మ ఎత్తబడింది, నేను మిగిలిపోయాను అనుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది. అమ్మ పక్కింటి నుంచి వచ్చేసరికి పిల్లకు మాట రాలేదట. పెళ్లయి పిల్లలున్న ఆమె, ఈ రోజుకీ ఇంట్లో ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే గుండె దడదడలాడుతుందని చెప్పింది.

పౌలు ఆ మాటలు ఎందుకు రాశాడో తెలుసు కదా. ఒకటో థెస్సలొనీకయులు 4లో, అక్కడి విశ్వాసులకు తమవాళ్లు చనిపోయారన్న దుఃఖం ఉంది. ప్రభువు వచ్చేసరికి వాళ్లు లేకుండా పోయారే అన్న బాధ. మృతులు మొదట లేస్తారు, తర్వాత మనం వాళ్లతో కలిసి ప్రభువును ఎదుర్కొంటాం, సదాకాలం ఆయనతో ఉంటాం అని రాసి, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అన్నాడు. మా అమ్మను సమాధి చేసిన రోజు పాస్టర్ గారు చదివింది ఆ వచనాలే. మట్టి వేసే ముందు, మా నాన్న నా భుజం పట్టుకుని నిలబడి ఉండగా. శ్రమలకు ముందా తర్వాతా అన్న ఆలోచన అక్కడెవరికీ లేదు. "వాళ్లతో కలిసి" అన్న మాట చాలు మాకు. సమాధి దగ్గర నిలబెట్టడానికి ఇచ్చిన మాటను ఒక పిల్ల గుమ్మంలో కూలబడేలా చెప్పామంటే తప్పు ఆ మాటది కాదు.

"భయం వల్లే కదా చాలామంది రక్షణలోకి వచ్చింది?" అని అడిగేవాళ్లున్నారు. నిజమే. మా సంఘంలో ఒక పెద్దాయన తాగుడు మానింది రాకడ మీద ఒక ప్రసంగం విన్న రాత్రే. ఆయన ముఖం చూస్తూ ఆ ప్రసంగం దండగని నేననలేను. పైగా ఈ గందరగోళానికి విసిగిపోయి రాకడ ఊసే ఎత్తని సంఘాలూ ఉన్నాయి. అది ఇంకా నష్టం. ప్రకటన గ్రంథాన్ని చదివేవాళ్లూ వినేవాళ్లూ ధన్యులని ఆ గ్రంథమే మొదటి అధ్యాయంలో చెబుతుంటే దాన్ని మూసిపెట్టే హక్కు మనకెక్కడిది?

అందుకే నాకు ఎక్కువగా నచ్చే సూచన మత్తయి 24:14. రాజ్య సువార్త సమస్త జనములకు సాక్ష్యంగా లోకమంతటా ప్రకటింపబడుతుంది, అటు తర్వాత అంతం వస్తుంది. యుద్ధాలనూ భూకంపాలనూ మనం చూస్తూ ఉండాల్సిందే గాని ఇది మన చేతుల్లో పెట్టిన పని. ప్రపంచంలో సుమారు 7,000 భాషలుంటే పూర్తి బైబిలు ఉన్నవి 700 పైచిలుకే. అంతం ఎంత దూరమో తెలుసుకోవాలని నిజంగా ఆరాటమున్నవాళ్లు ముందుగా అడగాల్సింది ఈ సూచన గురించే కదా. ఇన్నేళ్లలో దీని మీద ఒక్క వీడియో కూడా నా ఫోన్‌కు రాలేదు.

ఇప్పుడు మా బైబిలు స్టడీలో ప్రకటన గ్రంథం మొదలుపెట్టాం. అందరూ 13వ అధ్యాయం నుంచి మొదలుపెడదామన్నారు. నేను పట్టుబట్టి 2, 3 అధ్యాయాల్లోని ఏడు సంఘాల ఉత్తరాలు చదివించాను. వాటిలో చివరిదైన, నులివెచ్చగా ఉన్నావని మందలింపు పడిన లవొదికయ సంఘం దగ్గర చాలాసేపు ఆగిపోయాం. వచ్చేవారం 4వ అధ్యాయం చెప్పేది ఇందాక చెప్పిన ఆ పెద్దాయనే. 1948 విషయంలో నేనన్నది ఆయన ఒప్పుకోలేదు, శ్రమలకు ముందే ఎత్తబడతామన్న నమ్మకంలో వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆయన్ని నేను కోరింది ఒక్కటే: ఏ సూచన గురించి చెప్పినా, అది విన్నాక సోమవారం నుంచి మేమేం చేయాలో కూడా చెప్పండి అన్నాను. కాసేపు ఆలోచించి, సరేనమ్మా, చెబుతాను, కానీ అంత్యకాల సంఘటనల వరస గీసుకున్న నా చార్టు మాత్రం తెస్తాను అన్నారు. తీసుకురండి అన్నాను.